పాతదనంతో ఆట: బాపు రేఖాచిత్రాల్లో సంప్రదాయ వినియోగం

బాపు (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933–2014) బొమ్మలను గురించి తెలుగులో వచ్చిన రచనల్లో ప్రశంసలే ఎక్కువ, పరిశీలన తక్కువ. ఆ ప్రశంసలన్నీ దాదాపుగా 'తెలుగుదనం' అనే ఒక్క మాట దగ్గరకు వచ్చి ఆగిపోతాయి. ఆ మాట అన్న తరువాత గీతను గురించి, అక్షరాన్ని గురించి, కాగితం మీద వదిలిన ఖాళీని గురించి మాట్లాడవలసిన అవసరం లేదనే భావన మన విమర్శలో స్థిరపడింది. బాపు బొమ్మలో కనిపించే పాతదనం ఆయనకు వారసత్వంగా సంక్రమించిందా, లేక తన కాలపు అవసరాలకు తగినట్టు ఆయనే ఏరి కూర్చుకున్నదా అన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. రెండవదే నిజమని, ఆ కూర్పులో ఆట పాలు చాలా ఎక్కువని నా వాదన. ఆ ఆటకు ఉన్న హద్దులను కూడా చూడవలసి ఉంది.

జీవిత విశేషాలు సుపరిచితాలే కనుక అవసరమైనంతవరకే ప్రస్తావిస్తాను. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జననం. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా. అదే సంవత్సరం ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుడిగా ప్రవేశం. కొంతకాలం వాణిజ్య ప్రకటనల సంస్థల్లో పని. 1967లో 'సాక్షి'తో చలనచిత్ర దర్శకత్వం. పట్టా న్యాయశాస్త్రంలోది, చిత్రకళలోది కాదు. ఆయన బొమ్మ రూపుదిద్దుకున్నది వారపత్రిక గడువుల మధ్య, ప్రకటన కొలతల మధ్య, ప్రచురణకర్త ఇచ్చిన అట్ట పరిమాణం లోపల. స్వతంత్రంగా పనిచేసే చిత్రకారుడికి ఈ నిర్బంధాలు నిత్యకృత్యాలు. బాపు శైలిని అర్థం చేసుకోవడానికి ఆలయ శిల్పం కంటే ముందు అచ్చుయంత్రం దగ్గరకు వెళ్లాలని అనడానికి కారణం ఇదే.

1950, 60 దశకాల్లో పత్రికల లోపలి పుటల్లో బొమ్మ అచ్చు కావాలంటే దానిని జింకు రేకు మీద లైన్ బ్లాకుగా చేయించాలి. లైన్ బ్లాకుకు తెలిసినవి రెండే: నలుపు, తెలుపు. మధ్యలో ఉండే బూడిదరంగు ఛాయలు కావాలంటే సన్నని గీతలనో చుక్కలనో దట్టంగా పరిచి కంటిని నమ్మించాలి. హాఫ్‌టోన్ బ్లాకు ఆ ఛాయలను ఇవ్వగలదు గానీ, న్యూస్‌ప్రింటు మీద సిరా పాకి బొమ్మ మసకబారుతుంది. ఈ పరిస్థితిలో నీడల మీద ఆధారపడిన చిత్రకారుడు నష్టపోతాడు. గీతను నమ్ముకున్నవాడు నిలుస్తాడు. బాపు కుంచెగీత ఒకచోట లావెక్కి మరోచోట వెంట్రుకవాసిగా సన్నబడుతుంది. దేహపు గుండ్రదనాన్ని ఆ లావు, సన్నాల తేడాయే చూపుతుంది. నీడ వేయవలసిన పని ఉండదు. నేపథ్యాన్ని తరచుగా పూర్తిగా వదిలివేయడం కూడా ఈ పొదుపులో భాగమే.

ఇక్కడే తోలుబొమ్మలాట ప్రసక్తి రావాలి. తోలుబొమ్మ కూడా ఒక సాంకేతిక నిర్బంధం నుంచి పుట్టిన రూపం. చర్మాన్ని పలుచగా గీకి, రంగులద్ది, వెనుక దీపం పెట్టి తెర మీద ఆడించే ఆ బొమ్మకు లోతు ఉండదు. ముఖం ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటుంది, కన్ను పెద్దది, నగలను ఉలితో పొడిచిన రంధ్రాలు వెలుగు చుక్కలుగా చూపిస్తాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద ఉన్న 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ నల్లని అంచుగీత, పక్కముఖం, దేహపు మలుపు కంటే చీర అంచుకూ అద్దకానికీ ఇచ్చిన ప్రాధాన్యం స్పష్టంగా గమనించవచ్చు. బాపు గీసిన స్త్రీ చీర అంచులో వరుసగా పేర్చిన చుక్కలు, చెవివైపు సాగిన కన్ను ఈ రెండింటినీ గుర్తుకు తెస్తాయి. లైన్ బ్లాకు కోరుకున్న లక్షణాలు సరిగ్గా ఇవే. దీపమూ తెరా కోరిన రూపాన్ని, కొన్ని వందల ఏళ్ల తరువాత జింకు రేకూ రోటరీ యంత్రమూ మళ్లీ కోరాయి. బాపు ప్రతిభ ఈ సమానతను పసిగట్టడంలో ఉంది. గతం మీద మమకారం ఆయనకు లేదని కాదు; ఆ మమకారం ఒక్కటే ఈ బొమ్మలను గీయలేదు.

వడ్డాది పాపయ్యతో (1921–1992) పోలిస్తే ఈ తేడా మరింత తేటపడుతుంది. 'చందమామ' అట్టల మీద, 'యువ' పుటల్లో వపా చిత్రించిన ప్రపంచం రంగుల్లో తేలే స్వప్నం. అక్కడ పురాణం నిజంగా జరిగినట్టు ఉంటుంది. పొగమంచు, సంధ్యాకాంతి, పట్టుచీర మెరుపు కలిసి పాఠకుడిని లోపలికి లాక్కుంటాయి. బాపు రాముడు అలా నమ్మించడు. తాను బొమ్మనని ఒప్పుకుంటూనే నిలబడతాడు. పురాణ పాత్రల చేత కార్టూన్లలో సమకాలీన భాష మాట్లాడించినా మనకు అపచారంగా తోచకపోవడానికి ఈ ఒప్పుకోలే కారణం. తోలుబొమ్మలాటలో కేతిగాడు రామకథ మధ్యలో దూరి ఊళ్లో సంగతులు మాట్లాడితే ప్రేక్షకులు నవ్వినట్టే ఇదీ.

ఆట అత్యంత స్వేచ్ఛగా సాగినది అక్షరాల్లో. తెలుగు అచ్చు అక్షరం గుండ్రనిది, సమమైన మందం కలది, కుదురుగా కూర్చుని ఉండేది. బాపు శీర్షికాక్షరం నడుస్తుంది. తలకట్టు విసిరిన టిక్కు గుర్తులా ఎగురుతుంది. కొమ్ములు పక్క అక్షరం మీదికి వాలుతాయి. ఒత్తులు కింద చోటు వెతుక్కుంటాయి. కథ శీర్షికలో అక్షరమూ బొమ్మా ఒకే కుంచెతో, ఒకే సిరాతో పుట్టినవి కనుక రెండింటి మధ్య అతుకు కనిపించదు. తాటాకు మీద గంటంతో రాసిన లిపి గుండ్రదనాన్ని అచ్చు బిగించింది. బాపు దానిని చేతికి తిరిగి అప్పగించాడు. అయితే ఆ చేయి గంటం పట్టినది కాదు. ప్రకటనల సంస్థలో, దూరం నుంచి కూడా చదవగలిగేలా పేరు రాయడం నేర్చిన చేయి. ఆయన అక్షరాల పాతదనంలో ఎంత కొత్తదనం ఉందో ఇందువల్ల తెలుస్తుంది.

ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ఈ కలయికకు మంచి ఉదాహరణ. పిల్లవాడి నోటి మాటను ఉన్నదున్నట్టు అక్షరంలో పెట్టిన ఆ రచనకు బాపు బొమ్మ వివరణ ఇవ్వదు, పక్కన నిలబడి అల్లరి చేస్తుంది. పెద్దల ఆకారాలు కూడా బుడుగు చూసినట్టే అతిశయంగా ఉంటాయి. శంకరమంచి సత్యం 'అమరావతి కథలు'లో పద్ధతి వేరు. కథ కొద్ది పుటలకు మించనిది; అందులో కృష్ణ ఒడ్డున బతికే పూజారులు, పడవవాళ్లు, భిక్షకులు, దొంగలు వస్తారు. నూరు కథలకు వేసిన ఈ బొమ్మలను వరుసగా చూస్తే, అలవాటైన అందం నుంచి రచయిత చిత్రకారుడిని ఎలా బయటికి లాగాడో అర్థమవుతుంది. కథా సాహిత్య పరిశోధకులు వీటిని ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసి ఉంది.

ఆ లాగే శక్తి లేనిచోట బాపు ఒక మూసలోకి జారిన మాట కూడా చెప్పాలి. 'బాపు బొమ్మ' అన్న పదబంధం నేడు తెలుగులో అందమైన యువతికి పర్యాయపదం. పెద్ద కళ్లు, వాలుజడ, సన్నని నడుము, గోదావరి ప్రాంతపు ఇంటి వాకిలి ఆ రూపానికి గుర్తులు. పొలంలో వంగి నాటు వేసే స్త్రీ, బీడీలు చుట్టే స్త్రీ, తెలంగాణ కట్టుబొట్టు గల స్త్రీ ఈ పదబంధంలో ఇమడరు. ఒక ప్రాంతపు, కొన్ని కుటుంబాల ఆదర్శరూపం యావత్తు భాషా సమాజానికి ప్రతినిధిగా చలామణి అయింది. ఆ విస్తరణలో చిత్రకారుడి బాధ్యత ఎంత, పత్రికలు, సినిమాలు, అభిమానుల బాధ్యత ఎంత అన్నది వేరుగా తేల్చవలసిన అంశం.

మరొక విషయం మన పరిశీలకులు దాదాపు పట్టించుకోలేదు. ఇదే చేయి కార్టూన్లలో మరో స్త్రీని గీసింది: భర్తను దబాయించే ఇల్లాలు. ఒకే గీత పెళ్లికి ముందు స్త్రీని ముగ్గులా తీర్చి, పెళ్లి తరువాత ఆమెను హాస్యానికి సరుకుగా మార్చింది. 'తెలుగుదనం' చర్చలో మొదటి బొమ్మనే ఉదాహరిస్తారు. రెండవది సరదా అంటూ పక్కన పెడతారు. నిజానికి ఈ రెండూ ఒకే చూపుకు రెండు పార్శ్వాలు. ఆటలో ఎవరు ఆడుతున్నారు, ఎవరితో ఆడుతున్నారు అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. పురాణపురుషుల గంభీరతను సడలించిన హాస్యం, ఇంటి లోపలి అధికారాన్ని మాత్రం చాలావరకు ఉన్నచోటే ఉంచింది.

ఆఫ్‌సెట్ ముద్రణ, ఆ తరువాత కంప్యూటర్ వచ్చాక ఏ రంగు ఛాయనైనా అచ్చు వేయగలిగే వీలు కలిగింది. లైన్ బ్లాకు నిర్బంధం పోయింది. దాని నుంచి పుట్టిన శైలి మాత్రం మిగిలింది. ఆయన చేతిరాత కంప్యూటర్ ఖతిగా మారి శుభలేఖల మీద, దుకాణాల బోర్డుల మీద కనిపిస్తోంది. ఖతిలో ప్రతి 'క' ఒకే 'క'. చేతితో రాసిన శీర్షికలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే, రెండవది మొదటిదాన్ని చూసి కొంచెం పక్కకు జరిగేది. ఇప్పుడది జరగదు. బాపు ధోరణిలో నేడు గీస్తున్న బొమ్మల్లో కూడా గీత మందం అంతటా సమంగా సాగుతుంది. చుక్కలు, జడ, కన్ను ఉంటాయి, పొదుపుకు కారణం ఉండదు.

పరిశోధకుడికి దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఉంది. సంకలనాల్లో, అంతర్జాలంలో దొరికే బాపు బొమ్మలు చాలావరకు పుట నుంచి విడదీసినవి. కథ ఏ కాలమ్‌లో మొదలైందో, శీర్షిక ఎంత స్థలం తీసుకుందో, పక్కన ఏ ప్రకటన అచ్చయిందో తెలియకుండా ఆ ఖాళీలను చదవడం సాధ్యం కాదు. పాత వారపత్రికల సంపుటాలను పూర్తి పుటలుగా స్కాన్ చేసి, సంచిక తేదీతో, రచయిత పేరుతో, బొమ్మ కొలతలతో పట్టిక తయారుచేయడం ఒక పిహెచ్.డి. అంశంగా వెంటనే చేపట్టదగిన పని. గ్రంథాలయాల్లో న్యూస్‌ప్రింటు పసుపెక్కి, మడతల దగ్గర పొడి రాలిపోతోంది.