వేషం ఎవరి కంటికి?

మెట్ట ఊళ్లకు మహాభారతంలోని విరాటపర్వం దగ్గరి కథ. వానలు కురవాలని దాన్ని పారాయణం చేయించడం తెలుగునాట పాత ఆనవాయితీ. మారువేషం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ బయటపడుతుందో అందులో వివరంగా ఉంది. పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటదీ ఇదే చిక్కు. దాని 2003 నాటి 3.5 కూర్పునూ 2014 నాటి ఐదో కూర్పునూ ఈ పర్వంతో కొలిచి చూద్దాం.

2003 నియమాల ప్రకారం వేషం పాచిక రహస్యంగా పడుతుంది. వేషం ఎంత కుదిరిందో ఆటగాడికి తెలియదు. ఎవరి దృష్టిలోనూ పడకపోతే పరీక్షే లేదు. అనుమానంగా చూసే కావలివాడు పాచిక వేయకుండానే 10 పడినట్టు లెక్క. ఫలానా మనిషిలా వేషం కడితే, ఆ మనిషిని చూసి పోల్చుకోగలవాడికి 4, స్నేహితుడికి 6, ఆప్తుడికి 8, అతి సన్నిహితుడికి 10 అదనం.

2014 కూర్పు ఆ పదిని ప్రతి పాత్రకూ పాసివ్ స్కోరుగా స్థిరపరిచింది: 10కి ఆ పరీక్షకు వర్తించే హెచ్చుతగ్గులన్నీ కలిపితే చాలు. ఇది గొప్ప మేలు. పాచిక వేయమనగానే అక్కడేదో ఉందని ఆటగాడు పసిగడతాడు. పాసివ్ స్కోరు ఆ గుట్టు కాపాడుతుంది. కానీ పరిచయాల మెట్లు పోయాయి. ఆట నడిపేవాడు అనుకూలత ఇస్తే అందరికీ ఒకే 5.

విరాటుడి కొలువులో బృహన్నల వేషంలో ఉన్న అర్జునుణ్ణి రాజు పోల్చుకోలేదు. కౌరవులు విరాటుడి ఆవులను పట్టుకుపోయిన ఉత్తర గోగ్రహణంలో అదే బృహన్నలను దూరం నుంచే ద్రోణుడు అర్జునుడిగా గుర్తించాడు. వేషం అదే, చూసే కన్ను వేరు. అర్జునుణ్ణి ఒక్కసారి చూసినవాడికీ, విల్లు పట్టడం నేర్పిన గురువుకీ ఒకే 5 ఇస్తే ఈ ఘట్టం పండదు.

పాత పట్టికలోనూ లోపముంది. అది మరొకరిలా కనిపించే వేషానికే వర్తిస్తుంది. కె.వి.రెడ్డి తీసిన ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ కావడం అలాంటిది. తన్ను తాను దాచుకునే బృహన్నలకు ఆ మెట్లు అందవు.

అందుకే నా తీర్పు: గుట్టు కాపాడడంలో 2014 కూర్పు మెరుగు, మనిషిని ఎరగడంలో 2003 కూర్పు మెరుగు. ఆట నడిపేవారు పాసివ్ స్కోరును ఉంచుకుని, పాత పట్టికలోని మెట్లను దానికి కలపండి. స్వరూపం దాచుకునే వేషాలకూ వాటిని వర్తింపజేయండి.