‘విర్తూస్’ – ‘పుణ్యము’: ఒక అనువాద విచారము

అనంతపురము జిల్లా గార్లదిన్నె వంటి వానకరవు మెట్టపల్లెలలో బావి త్రవ్వించినవాడు పుణ్యము చేసినాడని జనులందురు. తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచిన సంప్రదాయము దీని వెనుక నున్నది. ఇచ్చట పుణ్యమనగా కర్మ, తత్ఫలము.

కతోలిక నీతిశాస్త్రమున ప్రధానమగు లాటిను ‘విర్తూస్’ను ఈ పదముతో తెనిగించినచో చిక్కు వాటిల్లును. తోమాసు అక్వినాసు (మరణము 1274) మతమున విర్తూస్ కర్మ గాదు. సత్కర్మ అనాయాసముగ వెలువడునట్లు ఆత్మయందు కుదురుకొనిన శీలము. కీర్తికై యొకమారు బావి త్రవ్వించిన లోభి మనకు పుణ్యము చేసినవాడే; అక్వినాసు దృష్టిలో గుణవంతుడు గాడు.

విశ్వాసము, నిరీక్షణ, దైవప్రేమల విషయమున చిక్కు మరింత ముదురును. న్యాయము, ధైర్యము వంటివి అభ్యాసముచే అలవడును. ఈ మూడింటిని దేవుడే ఆత్మయందు నింపునని ఆయన సిద్ధాంతము. ధనము, కీర్తి, అధికారము, భోగము – వీనిలో నేదియు పరమానందము గాదని ఒక్కొక్కటిగ త్రోసివేసి, అది దైవదర్శనమే యని ఆయన నిర్ణయించెను. దానిని మానవుడు స్వశక్తితో అందుకొనజాలడు. కావున ‘ఆర్జించు’ అను క్రియతో జతగూడు పుణ్యశబ్దము ఇచ్చట పొసగదు. తెలుగు కతోలికులు వాడు ‘వరప్రసాదము’ ఎంత చక్కని మాట! వరమును ప్రసాదమును, రెండును పుచ్చుకొనునవే.

మంగళగిరి ఆనందకవి 18వ శతాబ్దిని క్రీస్తుచరిత్రమును కావ్యముగ రచించి ‘వేదాంతరసాయన’మని పేరిడెను. పాతమాటకు క్రొత్త యర్థము కట్టబెట్టు సాహసము నాటిదే. నేనైతే విర్తూస్‌కు ‘సుగుణము’ మేలందును. అయినను ఒక సందేహము మిగులుచున్నది. ఆ పల్లెజనులే బావి త్రవ్వించినవానిని ‘పుణ్యాత్ముడు’ అనియు అందురు. అప్పుడా మాట పనిని విడిచి మనిషిని, అతని యాత్మను అంటుకొనుచున్నది.