గిన్నె అడుగున పేరు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 'ఫ్యునరల్ పొటాటోస్' అనే వంటకం ఒకటుంది. చావు భోజనపు బంగాళాదుంపలన్న మాట. పేరు వినగానే మనకు కాస్త గుండె గుబుక్కుమంటుంది గానీ అక్కడివాళ్లు దాన్ని ఎంతో మురిపెంగా పలుకుతారు. తురిమిన బంగాళాదుంప, ఒక డబ్బా చికెన్ క్రీమ్ సూప్, పుల్లని మీగడ, చెడ్డార్ చీజ్ తురుము, ఉల్లిపాయ, వెన్న. అన్నీ కలిపి 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న లోతైన ట్రేలో సర్ది, పైన వెన్నలో తడిపిన కార్న్‌ఫ్లేక్స్ నలిపి చల్లి, ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు ఉంచుతారు. మోర్మన్ కుటుంబాల్లో అంత్యక్రియల తర్వాత పెట్టే భోజనంలో ఇది తప్పనిసరి. 2002లో సాల్ట్ లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఈ వంటకం బొమ్మతో పిన్నులు కూడా వచ్చాయి.

వంటల శీర్షికకు పోవలసిన విషయం ఇక్కడికెందుకు వచ్చిందని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను దీన్ని వంటగా కాక, స్త్రీలు రాసిన ఒక పాఠంగా చదవాలనుకుంటున్నాను. అలా చదవడంలో మనం, అంటే స్త్రీవాద విమర్శకులం, ఎక్కడ తొందరపడుతున్నామో కూడా చెప్పాలనుకుంటున్నాను.

అమెరికాలో చర్చి స్త్రీలు, సంఘాల స్త్రీలు కలిసి వంటల పుస్తకాలు అచ్చువేయడం అంతర్యుద్ధ కాలంలో మొదలైంది. 1864లో ఫిలడెల్ఫియాలో గాయపడిన సైనికుల సహాయనిధి కోసం మరియా మాస్ కూర్చిన పుస్తకాన్ని వీటిలో మొదటిదిగా చెబుతారు. ఆ తర్వాత ఇలాంటివి వేలల్లో వచ్చాయి. వీటిని సాహిత్య విమర్శ చాలాకాలం ముట్టుకోలేదు. 1989లో సూజన్ లియోనార్డి పి.ఎం.ఎల్.ఎ. పత్రికలో ఒక వ్యాసాన్ని ఏకంగా వంట విధానంతోనే మొదలుపెట్టి, వంట విధానం ఒంటరిగా నిలబడదని, ఎవరు ఎవరికి ఎందుకు చెబుతున్నారన్న కబురు దాని చుట్టూ ఉంటేనే అది బతుకుతుందని వాదించింది. (మనమూ మాలతీ చందూర్ గారికి 1992లో 'హృదయనేత్రి' నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని రాసుకుంటాం. తెలుగిళ్లలో తరాల తరబడి పసుపు మరకలు అంటించుకున్న ఆమె 'వంటలు-పిండివంటలు' మాత్రం మన విమర్శ పరిధిలోకి రాదు.)

యూటాలో ఉన్న రెండేళ్లలో, స్థానిక చర్చి స్త్రీలు కూర్చిన స్పైరల్ బైండింగ్ పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. 1970ల నాటిది. అందులో ఈ బంగాళాదుంపలే ఐదుసార్లున్నాయి. ఒకామె కార్న్‌ఫ్లేక్స్ వేస్తే మరొకామె ఉప్పు బిస్కెట్లు నలిపి వేస్తుంది. ఒకరు ఉల్లిపాయ వేయించి వేయమంటారు, ఒకరు పచ్చిదే చాలంటారు. మరొకామె డబ్బా సూప్‌ను పక్కనపెట్టి మైదా, వెన్న, పాలతో సాస్ కాచుకోమంటుంది. నా చేతికి ఎర్రసిరా కలమిస్తే నాలుగింటిని కొట్టేసి ఒకటి ఉంచేదాన్ని. పునరుక్తి దోషం అని మనకు నేర్పారు కదా! కానీ ఆ ఐదింటిలో ఏది తీసేసినా ఒక మనిషిని తీసేసినట్లే. అసలు ప్రతి ఏదో, నకలేదో ఎవరూ అడగని రచన అది. ఒక్కరి ప్రతిభ చుట్టూ కట్టుకున్న మన 'రచయిత' భావన అక్కడ పనికిరాదు.

ఇంతవరకూ లియోనార్డి దారే. అక్కడినుంచి నాకు ఇబ్బంది మొదలైంది. ఆ ఐదింటిలో మూడింటి కింద ఉన్నది రాసినావిడ పేరు కాదు. 'మిసెస్' అని పెట్టి భర్త పేరు, ఇంటిపేరు. ఉల్లిపాయ వేయించాలా వద్దా అని తేల్చుకునే స్వేచ్ఛ ఆమెది, ఆ తేల్చుకున్నదాని కింద పడే సంతకం ఆయనది. వంట విధానంలోని చిన్న చిన్న తేడాల్లో స్త్రీల సృజనాత్మకతను పట్టుకుని సంబరపడే మన వ్యాసాలు ఈ సంతకం దగ్గర ఎందుకు ఆగవు?

మోర్మన్ స్త్రీల సంఘం, రిలీఫ్ సొసైటీ, 1842లో పుట్టింది. దానికి సొంత నిధులుండేవి, సొంత పత్రిక ఉండేది. 1970లో నిధుల మీద స్వతంత్రం పోయింది, పత్రిక ఆగిపోయింది. 1979లో స్త్రీల సమాన హక్కుల రాజ్యాంగ సవరణను సమర్థించిన సోనియా జాన్సన్‌ను చర్చి వెలివేసింది. పౌరోహిత్యం ఈనాటికీ మగవాళ్లదే. అంత్యక్రియల సభను బిషప్ నడుపుతాడు, వెనక వంటింట్లో ఓవెన్లు ఆడవాళ్లు చూసుకుంటారు. రాతలో దక్కనిది బంగాళాదుంపల్లో దక్కిందని మనం మురిసిపోతే, లాక్కున్నవాళ్లకు అంతకన్నా కావలసిందేముంది?

అలాగని ఈ పళ్లేన్ని సంకెల అని తేల్చేయడమూ నాకు చేతకాలేదు. దానికి కారణం సిద్ధాంతం కాదు.

2019 శీతాకాలంలో మా అమ్మ పోయినట్లు రాత్రి రెండింటికి ఫోనొచ్చింది. మర్నాటి సాయంత్రం దాకా విమానం లేదు. మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్లే అన్నం తెస్తారు. అక్కడ నా గదిలో నేనొక్కదాన్నే, పొయ్యి వెలిగించకుండా కూచున్నాను. మధ్యాహ్నం పక్కింటావిడ తలుపు తట్టింది. వయసు డెబ్బై దాటి ఉంటుంది. చేతిలో గుడ్డ చుట్టిన ట్రే. "చికెన్ సూప్ వేయలేదమ్మా, పుట్టగొడుగులది వేశాను, నువ్వు మాంసం తినవుగా" అంది. కాసేపు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. పన్నెండుమందికి సరిపడే ట్రే అది. నోరా ఎఫ్రాన్ 'హార్ట్‌బర్న్' (1983) నవలలో కథానాయిక ప్రేమ మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ బంగాళాదుంపలే వండుకుంటుంది. దిగులుకు మెత్తగా మెదిపినవి, తనొక్కదానికే. ఒక్కరి కోసం వండలేని వంట ఈ ట్రేది. ఒక్కదాన్నే ఉన్న మనిషికి కూడా ఊరంత భోజనం తెచ్చిపెడుతుంది.

ఉప్పు ఎక్కువైంది, అంచులు మాడాయి. అయినా మూడుసార్లు తిన్నాను. ట్రే కడిగి బోర్లిస్తే అడుగున తెల్లటి టేపు ముక్క, దానిమీద బాల్‌పెన్‌తో ఆవిడ పేరు. భర్త పేరు కాదు, ఇంటిపేరు కూడా లేదు, ఉత్త పేరు. ట్రే తిరిగి రావాలని రాసుకున్న పేరే గానీ, పుస్తకంలో మిసెస్‌గా మిగిలిన ఆ తరం స్త్రీ తన పేరు తాను రాసుకున్న చోటు అదని నాకు అప్పుడు తోచింది.

మా అమ్మ స్టీలు గిన్నెలన్నిటి మీదా మా నాన్న పేరు పొడి అక్షరాలు చెక్కి ఉండేవి. చావిళ్లకు అన్నం మోసుకెళ్లినవీ, పెళ్లిళ్లకు అరువిచ్చినవీ, అన్నీ ఆయన పేరుమీదే తిరిగొచ్చేవి. ఊరంతా తిన్నది మా అమ్మ చేతి వంట.

లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి మోర్మన్ కుటుంబంలో, బంగాళాదుంపలు పండే ఐడహోలో పుట్టింది. న్యూ ఇంగ్లండ్‌లో చనిపోయిన భక్తురాళ్ల గురించి మతగురువులు చేసిన ప్రసంగాలు వగైరాల మీద 1976లో ఒక వ్యాసం రాసింది. అందులోని ఒక వాక్యం తర్వాత టీషర్టుల మీదకెక్కింది. దాన్ని తొడుక్కునేవాళ్లు అల్లరి చేయమని చెబుతున్నట్లు చదువుతారు గానీ, ఆమె బాధపడింది ఒద్దికగా బతికిపోయిన స్త్రీలు చరిత్రకు కనబడకపోవడం గురించి. అందుకే ఆమె మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812 దాకా రాసుకున్న దినచర్య మీద ఏళ్లకేళ్లు పనిచేసింది. నేత, తోట, పురుళ్లు. పాత చరిత్రకారులు పనికిరాని వివరాలని దాటిపోయిన ఆ పుటలే ఆమె పుస్తకానికి 1991లో పులిట్జర్ తెచ్చాయి. ఆమె ఆ దినచర్యను పొగిడి ఊరుకోలేదు. ఏ పని ఎవరు చేశారు, ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారు అని లెక్క తీసింది. వంట విధానాల దగ్గర మనం చేయనిది ఈ లెక్కే. ఎవరికి ఉప్పు ఎక్కువ ఇష్టమో రాస్తాం, ట్రేలు ఎవరికి పురమాయించారో రాయం.

ఊరినుంచి తిరిగొచ్చాక ట్రే ఇవ్వడానికి వెళ్లాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, అమ్మ పద్ధతిలో ఉల్లికారం పెట్టిన బంగాళాదుంప కూర చేసి నింపాను. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఎలా చేశావో చెప్పమని చీటీ తీసింది. ఎండుమిరపకాయలు ఎనిమిదంటే నాలుగని రాసుకుంది. చివర, కింద ఎవరి పేరు వేయాలని అడిగింది. మా అమ్మ పేరు చెప్పాను. స్పెల్లింగ్ రెండుసార్లు చెప్పించుకుని రాసింది.