రాక్షసులకు కుండలెందుకు?

హైదరాబాదు నుంచి రావల్కోల్ వెళ్లే మేడ్చల్ దారిలో, బోయినపల్లి పక్కనున్న హస్మత్‌పేటలో రెండువేల ఏళ్లు దాటిన రాతి సమాధులున్నాయి. ఇలాంటివాటికి మన పల్లెల్లో ‘రాక్షసగుళ్లు’ అని పేరు. పండితులేమో ఆ కాలాన్ని ‘ఇనుపయుగం’ అన్నారు. రెండూ నాకు నచ్చని పేర్లే!

ఈ తరహా సమాధుల్లో కత్తులూ కొడవళ్లూ దొరికినమాట నిజమే. కానీ లోపల నలుపు, వెలుపల ఎరుపుగా ఉండే కుండలూ గిన్నెలూ అంతకంటే ఎక్కువ దొరికాయి. ఆ కుండల మీద గీసిన గుర్తుల గురించి 1917లోనే గులాం యజ్దానీ వ్యాసం రాశారు. మరి మనం స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకోమూ?

పోయినవాళ్లకి ఆకలేస్తుందేమోనని కుండ సర్దిపెట్టే బెంగ రాక్షసులకెక్కడిది? ఈసారి మ్యూజియంకి వెళితే, పిల్లలకి కత్తితోపాటు ఆ కుండనూ చూపించండి.