జోలె పట్టిన చేతుల కోసం
(ముందుమాట)

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా చీడికాడ సముద్రానికి దూరంగా, కొండల మొదట్లో బొడ్డేరు పారే చోట ఉంది. అప్పటికి విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కోనాం రిజర్వాయరు ఎంత నిండింది, మడికి నీరెప్పుడు వదులుతారు అనేవే మా దిగుళ్ళు. తుపానంటే తీరం వాళ్ళ కష్టమని అనుకుంటూ వచ్చాం. ఆ ఆదివారం గాలి మా చెరకును కూడా నేలకు పరిచేసింది. పెంకులు ఎండుటాకుల్లా ఎగిరిపోయాయి.

నాలుగో రోజున, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక తూర్పు భాగోతం కళాకారుడి ఇంటికి వెళ్ళాను. ఇంటి మీద సగం కప్పే ఉంది. నులక మంచం మీద రెండు మద్దెలలు పసిపిల్లల్లా పక్కపక్కన పడుకున్నాయి. తోలు నానిపోయి, వేలుతో తడితే మెత్తగా లోపలికి పోయింది. సత్యభామ జడ దండెం మీంచి నీళ్ళోడుతోంది. అతని తాత సిరాతో రాసుకున్న దరువుల నోటు పుస్తకం ఒకే ముద్దయింది, సిరా కరిగి కాయితమంతా నీలమయింది. నేనున్నప్పుడే నష్టం రాసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. గోడ ఎంత కూలింది, పశువులేమన్నా పోయాయా, పంట ఎన్ని సెంట్లు అని అడిగి రాసుకున్నాడు. మద్దెలలు చూపిస్తే చాలా సేపు చూశాడు. "బాబాయ్, ఈ కాయితంలో దీనికి గడి లేదు" అన్నాడు. ఆ పిల్లవాడి గొంతులో బాధ నాకు వినిపించింది. తప్పు వాడిది కాదు.

ఎవరికైనా అర్జీ పెట్టమని, నేను రాసిపెడతానని చెప్పాను. దానికి అతనన్న మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. "మేష్టారూ, ఊరు మునిగితే మనం జోలి పట్టాల గానీ, మనకోసరం మనం పడతామేటి?"

ఈ చిన్న పుస్తకం ఆ ప్రశ్నకే జవాబు చెబుతోంది. అందుకే ముందుమాట రాయమని అడగగానే ఒప్పుకున్నాను.

ఆ కళాకారుడి మాటలో తెలుగునాట కళాకారుల చరిత్రంతా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ సహా సినిమా నటులు వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. హుద్‌హుద్ తర్వాత 2014 నవంబరు 30న తెలుగు సినిమా వాళ్ళంతా 'మేము సైతం' పేరుతో ఒక్కటై ఆడిపాడి విరాళాలు పోగుచేశారు. పల్లెల్లోనూ అంతే. ఎక్కడ ఇళ్ళు కాలినా, ఏరు పొంగినా, తప్పెటగుళ్ళ దళమో బుర్రకథ దళమో ఒక రాత్రి ఆట కట్టి, వచ్చిన డబ్బు తెచ్చి ఇచ్చేది. జనం దగ్గర చెయ్యి చాపడం వాళ్ళకు కొత్త కాదు. కానీ ఆ చెయ్యి ఎప్పుడూ ఇంకొకరి కోసమే చాపింది. తన మద్దెల పోయిందని అడగడానికి మాత్రం దానికి సిగ్గు.

ఈ పుస్తకం రాసిన అమ్మాయి మా ఊరి బళ్ళో నా దగ్గర ఎనిమిదో తరగతి తెలుగు చదువుకుంది. సిగ్గుపడొద్దని ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఎలా అడగాలో నేర్పింది. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సాయం నిబంధనల్లో చేనేత, హస్తకళల వారికి చోటుంది. పనిముట్లు పోతే మనిషికి 5,000 రూపాయలు, ముడిసరుకో తయారైన సరుకో పోతే మరో 5,000. అంటే ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే వ్యక్తి తన పరికరాల పేరు చెప్పి అడగొచ్చు. నష్టాన్ని ధ్రువీకరించే అధికారి సంతకం కావాలి, అంతే. గుండెల మీద తప్పెట కట్టుకుని ఆడేవాడికి, జముకు మీటి కథ చెప్పేవాడికి అలాంటి గడి లేదు. రాష్ట్రంలో డప్పు కళాకారులకు నెలనెలా వచ్చే పింఛను కడుపుకు ఆసరా అవుతుంది గానీ, పగిలిన డప్పును తిరిగి తేలేదు. ఈ తేడాను ఆమె చాలా ఓపికగా విప్పి చెప్పింది. గడి లేని వాడు తెల్ల కాయితం మీద తహసీల్దారుకు ఏం రాయాలి, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఏం రాయాలి అని నమూనాలు ఇచ్చింది. వాటిలో భాష నాకెంతో నచ్చింది. ఎక్కడా బతిమాలుడు లేదు. "నా జీవనాధారమైన వాయిద్యం" అని మొదలవుతుంది.

విపత్తు తర్వాతి మొదటి వారం గురించి రాసిన అధ్యాయం ప్రతి దళం చదివి వినిపించుకోవాలి. తడిసిన తోలును ఎండలోనూ పొయ్యి దగ్గరా పెట్టకూడదు. గబగబా బిగుసుకుని చీలుతుంది. నీడలో, గాలి ఆడే చోట నెమ్మదిగా ఆరాలి. అంటుకుపోయిన నోటు పుస్తకం పేజీలను గోటితో లాగకూడదు, మధ్యమధ్య తెల్ల కాయితాలు పెట్టి మారుస్తూ ఉండాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఇది 2014లో నాకు తెలిసుంటే ఆ దరువుల్లో కొన్నయినా మిగిలేవి. తెలియక నేనే ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి ఎండలో పెట్టాను.

వాన రాకముందు చేయాల్సిన పని కూడా చెప్పింది. ప్రతి వాయిద్యానికీ, దాని పక్కన నిలబడ్డ మనిషికీ కలిపి ఒక ఫొటో తీయించుకోవాలి. మోదకొండమ్మ జాతరకో నూకాలమ్మ పండక్కో ఆడినప్పుడు కమిటీ వారిచ్చిన రసీదు, గోడకు అంటించిన పోస్టరు, సన్మాన పత్రం, వీటన్నిటికీ నకళ్ళు తీసి ఇంకో ఊళ్ళో చుట్టాల ఇంట్లో ఉంచాలి. నలభై ఏళ్ళు ఆడినవాడు తాను కళాకారుడినని రుజువు చేసుకోవాల్సి రావడం నాకు మింగుడుపడదు. అయినా కాయితం ఉన్నవాడికే సాయం త్వరగా అందుతుంది.

దూరదేశాల సంగతులు ఆమె కొద్దిగానే తెచ్చింది, కానీ తెచ్చినవి పనికొచ్చేవే. అమెరికాలో చేతిపనుల వాళ్ళు తమ సంతల్లో తోటివారి కోసం చందాలు వేసుకునేవారు. అలా 1985లో క్రాఫ్ట్ ఎమర్జెన్సీ రిలీఫ్ ఫండ్ పుట్టింది. 2018 వరదల్లో కేరళలోని చేందమంగళం నేతగాళ్ళ చీరలు బురదపాలైతే, వాటిని శుభ్రం చేసి, కత్తిరించి, చేక్కుట్టి బొమ్మలు చేసి అమ్మారు. డబ్బు నేతగాళ్ళకు చేరింది. మన దళాలు కూడా ప్రతి జాతర సంభావనలోంచి కొంత తీసి ఒక హుండీలో వేయాలని ఆమె సూచన. సర్కారు సాయం వచ్చేలోపు కొత్త తోలు మూయించుకోవడానికి ఆ డబ్బు చాలు.

ఒక్క లోటు చెబుతాను, కోపం తెచ్చుకోదని నాకు తెలుసు. పుస్తకమంతా దళనాయకుడితో మాట్లాడుతున్నట్టుంది. ఫొటో అతనిది, రసీదు అతని పేర, అర్జీ అతని సంతకంతో. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా నిలబడే వంతల సంగతేమిటి? తూర్పు భాగోతంలో రెండో మద్దెల వాయించేవాడి సంగతేమిటి? సాయం నాయకుడి చేతికొచ్చి అక్కడే ఆగిపోవడం నేను చూశాను. రెండో ముద్రణలో వాళ్ళ కోసం విడిగా ఒక అధ్యాయం చేర్చమని ఆమెను అడుగుతున్నాను.

పుస్తకం చివర దళ సభ్యుల పేర్లు, వాయిద్యాలు రాసుకోవడానికి ఖాళీ పేజీలు ఇచ్చింది. ఈ ముందుమాటతో పాటు నా దగ్గరున్న ప్రతిని కూడా వెనక్కి పంపుతున్నాను. మొదటి వరసలో ఒక పేరు రాశాను. హుద్‌హుద్ తర్వాత మంచం మీద పడుకున్న ఆ రెండు మద్దెలల్లో రెండోదాన్ని వాయించిన మనిషి పేరు.

చీడికాడ