ఆమె పని, ఆమె కవిత్వం: పాతబస్తీ నుంచి కొన్ని ప్రశ్నలు

మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆయన చేసిన పనుల్ని మనం పక్కన పెట్టం. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పడం, కార్మిక సంఘాలు కట్టడం, సాయుధ పోరాటం, అజ్ఞాతం, జైలు - ఇవన్నీ ఆ కవిత్వంలో భాగమేనని ఒప్పుకుంటాం. 'బిసాత్-ఎ-రక్స్'కు 1969లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినప్పుడు గౌరవం దక్కింది కవికా, కార్మిక నాయకుడికా అని ఎవరూ తర్కించుకోవలసిన అవసరం లేదు. ఆ చూపు సరైనదే. నా పేచీ అంతా, అదే కొలతని పనిచేసే కవయిత్రులకి ఎందుకు వాడటం లేదన్న దగ్గరే.

ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 1955లో హైదరాబాదులో పుట్టారు. 2002లో 'షాహీన్' అనే స్త్రీల సంస్థని స్థాపించారు. పాతబస్తీలో సుల్తాన్‌షాహీ ఆ సంస్థకి కేంద్రం. గృహహింస, చదువు మాన్పించిన ఆడపిల్లలు, డబ్బున్న అరబ్బు షేకులకి పిల్లల్ని కట్టబెట్టే కాంట్రాక్టు పెళ్ళిళ్ళు - ఆ గడప తొక్కే బాధలు ఇవి. ఇటువంటి రచయిత్రుల్ని పరిచయం చేసేటప్పుడు మనకొక అలవాటుంది. ఒక పేరాలో సేవా కార్యక్రమాలు రాస్తాం, ఇంకో పేరాలో కవితా సంపుటాలు రాస్తాం. ఆ తర్వాత "ఇన్ని బాధ్యతల మధ్య కూడా" కవిత్వం రాస్తున్నందుకు అభినందిస్తాం. మగకవి పని నిబద్ధత అవుతుంది. ఆడకవి పని కవిత్వానికి అడ్డం వచ్చేది అవుతుంది. ఈ 'మధ్య కూడా' అన్న రెండు మాటల్లోనే మన విమర్శ పక్షపాతం బయటపడిపోతుంది.

కవిగా బతకడమంటే రాయడం ఒక్కటే కాదు. ఉర్దూ లోకంలో కవి రోజుకి ఓ పద్ధతుంది. గురువు దగ్గర ఇస్లాహ్, అంటే దిద్దుబాటు. నలుగురు కూర్చునే నషిస్త్. ఆపైన ముషాయిరా. ముషాయిరాలో కొత్తవాళ్ళు ముందు చదువుతారు, పెద్దవాళ్ళు చివర చదువుతారు. రాత్రి గడిచేకొద్దీ గౌరవం పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక మైకు ముందుకొచ్చినవాడు ఉస్తాద్. వినడానికి ఇది వయసుకీ అనుభవానికీ ఇచ్చే మర్యాదలాగే ఉంటుంది. కానీ రాత్రి ఎవరిది? పది దాటితే ఆటో దొరకదని, అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఉంటారని, తెల్లారి స్కూల్లో పాఠం చెప్పాలని ముందే చదివి వెళ్ళిపోయే స్త్రీ, ముప్ఫై ఏళ్ళు రాసినా ఆ వరసలో కొత్తవాళ్ళ పక్కనే ఉండిపోతుంది. ఆమెని ఎవరూ అవమానించలేదు. గడియారం ఆ పని చేసిపెట్టింది. హైదరాబాదులో 'మహ్‌ఫిలె ఖవాతీన్' వంటి స్త్రీల సాహిత్య సంస్థలు ఎందుకు కావలసి వచ్చాయో అర్థం కావాలంటే సిద్ధాంత గ్రంథాల కంటే ముందు ఈ గడియారాన్ని చూడాలి.

ఇస్లాహ్ సంగతీ అంతే. ఉస్తాద్ దిద్దిన గజల్ చదివిన మగవాడికి అది పరంపర. అదే గజల్ స్త్రీ చదివితే, బాగుంటే ఉస్తాద్ రాసిచ్చాడంటారు, బాగోకపోతే గొంతుతో నెట్టుకొస్తోందంటారు. ఈ అనుమానం నిన్నటిది కాదు. మహ్ లఖా బాయి చందా (1768-1824) నిజాం అలీఖాన్ దర్బారులో పాడి, ఆడి, కవిత్వం చెప్పి బతికిన స్త్రీ. షేర్ ముహమ్మద్ ఖాన్ ఇమాన్ దగ్గర కవిత్వం నేర్చుకుంది. 1798 నాటికి ఆమె దివాన్ సిద్ధమైంది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి స్త్రీ ఆమేనా, లేక ఇంచుమించు అదే కాలంలో ఈ దక్కన్‌లోనే రాసిన లుత్ఫున్నిసా ఇమ్తియాజా అన్న చర్చ పండితులు చేస్తూనే ఉన్నారు. నాకు ఆ పోటీ కంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. చందాకి కవిత్వం తీరిక వేళ వ్యాపకం కాదు, వృత్తిలో భాగం. చదువు, సంగీతం, సభ, జాగీరు - అన్నీ ఆ వృత్తి నుంచే వచ్చాయి. మన ముద్దుపళనికీ ఇంతే. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనం'ని ప్రచురిస్తే గొడవంతా పుస్తకం మీద కంటే ఆమె కులవృత్తి మీదే జరిగింది. ఆ వృత్తే లేకపోతే ఆ స్త్రీలకి అక్షరం దక్కేది కాదన్న సంగతి మర్యాదస్తులకి గుర్తు రాలేదు.

ఇక్కడ తెలుగువాళ్ళం జాగ్రత్తగా చూడాల్సిన భాషా విషయం ఒకటుంది. తెలుగులో "వస్తున్నాను" అంటే మాట్లాడేది ఆడో మగో తెలియదు. ఉర్దూలో క్రియే చెప్పేస్తుంది. సంప్రదాయ గజల్లో ప్రేమించేవాడూ, ప్రేమ పొందేవాడూ ఇద్దరూ వ్యాకరణంలో పుంలింగమే. చందా కూడా ఆ కట్టుబాటులోనే రాసింది. పాకిస్తాన్‌లో పర్వీన్ షాకిర్ 1976లో 'ఖుష్బూ'తో వచ్చినప్పుడు కలిగిన సంచలనంలో సగం, గజల్లో స్త్రీ స్త్రీగానే, స్త్రీలింగ క్రియతోనే మాట్లాడటం వల్ల. ఇంత పెద్ద నిర్ణయం మన తెలుగు అనువాదంలో ఆనవాలు లేకుండా పోతుంది. ఉర్దూ కవయిత్రిని తెలుగులో చదివి "సున్నితమైన ప్రేమ కవిత్వం" అని తీర్పు చెప్పేసేవాళ్ళం ఏం పోగొట్టుకున్నామో కూడా మనకి తెలియదు.

జమీలా నిషాత్ కవిత్వంలో నన్ను ఆపేది దక్కనీ నుడి. పాతబస్తీ వంటింట్లో, కుళాయి దగ్గర, లాడ్‌బజార్ బేరాల్లో వినిపించే ఈ భాష వేదిక మీదికి వచ్చింది ఎక్కువగా హాస్యం కోసమే. మొగుడూ పెళ్ళాల కీచులాట, అత్తాకోడళ్ళ తగవు అంటే దక్కనీ, గంభీరమైన మాటంటే పుస్తకాల ఉర్దూ. అంతకు ముందు రేఖ్తీ ఉండనే ఉంది. బిజాపూర్ హాష్మీ కాలం నుంచీ మగకవులు ఆడవాళ్ళ గొంతుతో రాసిన ప్రక్రియ అది. అంటే స్త్రీల భాషని మగవాళ్ళు శతాబ్దాలుగా అరువు తెచ్చుకుని సభని మురిపించారు. ఆ భాషలో ఒక స్త్రీ బురఖా గురించి, శరీరం గురించి, భయం గురించి నవ్వించకుండా మాట్లాడటం చిన్న సంగతి కాదు. ఆ భాష ఆమెకి నిఘంటువులోంచి రాదు. రోజంతా వినే పని లోంచి వస్తుంది. అందుకే పనినీ కవిత్వాన్నీ రెండు పేరాలుగా కోయడం తప్పంటున్నాను.

అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. పనిలోంచి వచ్చిన కవిత్వాన్ని కేసు ఫైలులా చదివే అలవాటు మనకి బాగా ఉంది. ముస్లిం స్త్రీ రాసిందంటే చాలు, అందులో ఎంత బాధ ఉందో తూకం వేస్తాం. ఛందస్సు చూడం, రదీఫ్ ఎందుకలా తిరిగొచ్చిందో అడగం. 2005లో షాజహానా 'నఖాబ్' తెలుగులో వచ్చినప్పుడు కూడా వస్తువు గురించి మాట్లాడినంత భాష గురించి మాట్లాడలేదని నా అభిప్రాయం. పని కవిత్వ రూపాన్ని కూడా తీర్చుతుంది. కార్చోబ్ ముందు సూది పట్టుకుని కూర్చున్న స్త్రీకి, లక్కగాజులకి రాళ్ళు అతికే స్త్రీకి చేతులు ఖాళీ ఉండవు. కాగితం తీసే వీలుండదు. రెండు పాదాల షేర్, తప్పిపోకుండా పట్టుకునే కాఫియా, రదీఫ్ ఉంటే సాయంత్రం దాకా తలలోనే దాచుకోవచ్చు. గజల్ దర్బారు ప్రక్రియ అని కొట్టిపారేసే అభ్యుదయవాదులు ఈ సౌకర్యాన్ని ఎప్పుడైనా ఆలోచించారా?

కాబట్టి "ఇంత పనిలో ఎలా రాస్తున్నారు?" అన్న ప్రశ్నని మనం ఇక మానేద్దాం. ఈ పని ఈ వాక్యాన్ని ఎలా మలిచింది, ఈ మాట ఎవరి నోట విన్నది, ఈ క్రియకి ఈ లింగం ఎందుకు అని అడుగుదాం. అలా అడగాలంటే మూసీ దాటాలి, కుడి నుంచి ఎడమకి నడిచే లిపి నేర్చుకోవాలి. అన్నిటికంటే ముందు, ముషాయిరాకి వేళకి వెళ్ళి కూర్చోవాలి. పెద్దల వంతు వచ్చేసరికి చేరుకునే విమర్శకులకి, ముందే చదివేసి ఇంటికెళ్ళిపోయిన కవయిత్రులు కనబడరు.