కోడ్ దగ్గర ఆగని చెయ్యి

టోలిచౌకి మెకానిక్‌లలో మెచ్చుకోవలసింది పార్టు మార్చే వేగాన్ని కాదు, మార్చే ముందు వాళ్లకు కలిగే అనుమానాన్ని. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాక, యూరియా ద్రావణం వాడే డీజిల్ పికప్‌ల సైలెన్సర్ గొట్టంలోకి నాక్స్ సెన్సర్ వచ్చింది. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంతున్నాయో అది కొలిస్తే, 32.5 శాతం యూరియా ఉన్న ఆ ద్రావణం, అంటే డెఫ్, ఎంత చిమ్మాలో బండి కంప్యూటర్ లెక్కగడుతుంది. డాష్‌బోర్డులో లైటు వెలిగినప్పుడు స్కానర్ ఒక కోడ్‌తో సెన్సర్ పేరు చూపిస్తుంది. కానీ తప్పు సెన్సర్‌దేనా, కనెక్టర్‌లో చేరిన నీళ్లదా, ఒరుసుకుపోయిన వైరుదా, కల్తీ డెఫ్‌దా అన్నది తేల్చేది మనిషే. జాయింటు దగ్గర లీకైతే బయటి గాలి కలిసి, మంచి సెన్సర్ కూడా తప్పు లెక్క చూపిస్తుంది. ఇవన్నీ చూశాకే మెకానిక్ ఖరీదైన పార్టు రాసిస్తాడు.

ఫిల్మ్‌నగర్‌కు సెట్టు సామాన్లు మోసే బండి పూటంతా ఆగితే కిరాయి పోతుంది, సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్‌నే మూసేస్తే సరిపోదా అంటారు కొందరు ఓనర్లు. వాళ్ల ఇబ్బంది నిజమే. అయితే అలా మూసేయడం చట్టవిరుద్ధం. పైగా టోలిచౌకి ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఆ పొగ పీల్చేది అదే డ్రైవరు, అదే మెకానిక్. ఐదు రూపాయల ఫ్యూజుతో పోయే రోగానికి వేలు ఖర్చు పెట్టించని ఆ ఓపికకు కూలి విడిగా కట్టివ్వాలి.